ఒడ్డున కాపలా నిలిచిన నక్క

ఏరు సముద్రంలో కలిసే చోట, మడ అడవికీ సరుగుడు తోపుకీ నడుమ, పొడుగాటి ఇసుక తీరం ఒకటి ఉండేది. అక్కడ అలలు పెద్దవి. మనుషులు పడవలు దించడానికి జంకేవాళ్ళు. అందువల్ల ఆ తీరం పక్షులకూ జంతువులకూ మిగిలింది. అవి తమలో తాము ఒక కట్టుబాటు పెట్టుకున్నాయి.

చేపల కోసం నీళ్ళలో దిగే ప్రతివారికీ ఒడ్డున ఒక జత ఉండాలి. దిగినవారు చేప మీద చూపు పెడతారు. ఒడ్డున ఉన్నవారు దూరపు అల మీద చూపు పెడతారు. పెద్ద అల లేస్తే కేక వేయాలి. కేక వినగానే ఎంత మంచి చేప చిక్కినా వదిలేసి పైకి రావాలి. దొరికినదానిలో ఇద్దరికీ సమానం. పున్నమి పున్నమికీ వంతులు మారాలి. ఒడ్డున నిలిచినవారు నీళ్ళలోకి, నీళ్ళలో దిగినవారు ఒడ్డుకి. ఇది తప్పినవారికి ఆ తీరంలో చోటు లేదు.

ఆ ఏడాది తుఫాను ఏటి మొగను, అది సముద్రంలో కలిసే దారిని, ఇసుకతో పూడ్చేసింది. పుష్యమాసం వచ్చేసరికి మడ అడవిలోని మడుగులు కుదించుకుపోయాయి. ఉన్న కొద్దిపాటి చేపలు చలికి బురదలో దూరి కదలకుండా పడుకున్నాయి. మడుగుల మీదే బతికే బావురుపిల్లి నూకాలుకి ఇల్లు గడవడం కష్టమైపోయింది. ఆమె మగడు తుఫానులో కొట్టుకుపోయాడు. మొగలి పొదలో ఇద్దరు పిల్లలు. పెద్దది ఆకలేస్తే అరుస్తుంది. చిన్నది అరవడం కూడా మానేసింది. ఆ అరవకపోవడమే నూకాలుని సముద్రం దగ్గరికి నడిపించింది.

పుట్టినప్పటి నుంచీ నీళ్ళలో చేపలు పట్టినా, అలల్లో పట్టడం ఆమెకు కొత్త. వచ్చీ రాగానే తీరమంతా ఒకసారి చూసి, అలలు విరగకుండా నీళ్ళు నున్నగా ఉన్న చోటు ఎంచుకుని, అటు నడిచింది.

"ఆగక్కడ!" అని వెనక నుంచి పెద్ద గొంతు వినిపించింది.

చూస్తే నారాయణపక్షి. బూడిదరంగు రెక్కలు, పొడుగు కాళ్ళు, కొంగజాతిలో ముసలి పెద్దమనిషి. తీరంలో అందరూ తాతా అనే పిలుస్తారు.

"ఎక్కడ దిగుతున్నావమ్మా?"

"ఇక్కడ నీళ్ళు నెమ్మదిగా ఉన్నాయి కదా తాతా."

"నెమ్మదిగా ఉంటే మంచిచోటు అనుకున్నావా? ఒడ్డుకొచ్చిన నీళ్ళన్నీ తిరిగి సముద్రంలోకి పోయే దారి అది. కాలు పెట్టావంటే నిన్నూ వెంటబెట్టుకుపోతుంది. మడుగులో పిల్లివి, సముద్రంలో పసిదానివి. ముందు కూర్చో. చూడు."

నూకాలు కూర్చుంది. ముసలాయన ముక్కుతో చూపించాడు. "తెల్లగా నురుగు విరుగుతోందే, అక్కడ అడుగున ఇసుక మెట్ట ఉంది. దానికి ఇవతల నీళ్ళు నల్లగా కనబడుతున్నాయి చూశావా? అది గుంట. అలలు ఇసుకను కదిపి బుల్లి పీతల్ని పైకి తెస్తాయి. వాటికోసం చేప గుంటలోకి వస్తుంది. చలికాలంలో పొద్దెక్కాకే వస్తుంది. తెల్లారగట్లే దిగి వణికితే చేప దొరకదు, జలుబు దొరుకుతుంది."

"లోతుకి పోవాలా?"

"మోకాలు దాటొద్దు. గుంట అంచున నిలబడు. చేప నీ దగ్గరికొచ్చేదాకా ఊపిరి కూడా గట్టిగా తీయకు. అన్నిటికన్నా ముఖ్యం, సముద్రానికి ఎప్పుడూ వీపు చూపించకు. చిన్న అలలు వరుసగా వచ్చి వచ్చి, ఉన్నట్టుండి పెద్దది ఒకటి వస్తుంది. అది చెప్పి రాదు. అందుకే ఒడ్డున జత ఉండాలి. నీకు జత ఎవరు?"

"ఎవరూ లేరు తాతా. నువ్వు నిలబడరాదూ?"

"నా జత నా ఇంటిది. కట్టుబాటు దాటలేను. వెతుక్కో. జత లేకుండా మాత్రం దిగకు."

నూకాలు తీరమంతా తిరిగింది. అందరికీ జతలు కుదిరిపోయి ఉన్నాయి. ఇసుక దిబ్బ మీద ఒక్కడే కూర్చుని ఎండ కాచుకుంటున్నాడు నక్క సూరప్ప.

"ఏం చెల్లెమ్మా, మొహం అలా వేలాడేశావు? జత దొరకలేదా?"

"లేదన్నా."

"ఈ సూరప్ప కనబడలేదా నీకు? నా కళ్ళు చూడు. దూరాన కొంగ రెప్ప వేసినా తెలిసిపోతుంది నాకు. ఇంతకుముందు నీటికుక్కకి నేనే జత."

"మరి ఆయనేడీ?"

"కోపిష్టి మనిషి. ఏదో మాటకి మాట పెరిగింది. ఏరు వెంట పైకి పోయాడు. పోనీలే, మంచి చెప్పినా వినేరకం కాదు." సూరప్ప దిబ్బ దిగి దగ్గరికొచ్చాడు. "పిల్లలు ఎలా ఉన్నారు?"

ఆ ప్రశ్న నూకాలుని మెత్తబరిచింది. తుఫాను తరువాత పిల్లల సంగతి అడిగినవాడు అతనొక్కడే. ఇంకేమీ అడక్కుండా ఒప్పుకుంది.

"ఒక్క మాట గుర్తుపెట్టుకో చెల్లెమ్మా," అన్నాడు సూరప్ప గంభీరంగా. "సముద్రానికి వీపు చూపకు. చేపను పంజాతో చరిచి తలమీదుగా వెనక్కి విసిరెయ్. అది ఎక్కడ పడిందో తిరిగి చూడకు. వెనక సంగతి వెనకున్నవాడిది."

"అలాగే అన్నా."

మొదట్లో నూకాలుకి ఏదీ చిక్కలేదు. అల తాకిడికి కాళ్ళ కింద ఇసుక జారిపోయేది. చల్లటి నీళ్ళకి పంజాలు కొయ్యబారేవి. చేపను చూసి చరిచేలోగా నురుగు కమ్మేసేది. కాని ఆమె పట్టుదల గలది. అల వెనక్కి మళ్ళే క్షణంలో నీళ్ళు తేటపడతాయని కనిపెట్టింది. ఆ క్షణం కోసం కాచుకోవడం నేర్చుకుంది. అప్పటి నుంచి గొరక చేపలు, కవళ్ళు ఒకదాని వెనక ఒకటి చిక్కసాగాయి. చరచడం, విసరడం, మళ్ళీ సముద్రం వైపు చూడడం. వెనక ఇసుక మీద చేప పడ్డ చప్పుడు వింటే కడుపు నిండినట్టుండేది.

తీరా పైకొచ్చి చూస్తే చప్పుళ్ళు ఎక్కువ, చేపలు తక్కువ.

"ఇంతేనా అన్నా?"

"గద్ద వచ్చింది చెల్లెమ్మా. నేను అల మీద చూపు పెట్టానా, ఇటు తన్నుకుపోయింది."

మరునాడు అడిగితే, "ఎగిరెగిరి నీళ్ళలో పడిపోయాయి. కొత్తదానివి కదా, నీ దెబ్బకి చేప చావడం లేదు" అన్నాడు. ఇంకోరోజు, "అల వచ్చి ఊడ్చేసింది" అన్నాడు. చెప్పడం అయ్యాక మిగిలిన చిన్న చేపల్ని రెండు కుప్పలు పోసి, "చూసుకో, సమానంగా ఉన్నాయా లేదా. సూరప్ప ఒకరి సొమ్ము ఎరగడు" అనేవాడు.

నూకాలు తన చేతకానితనమే అనుకుంది. ఇంకా గట్టిగా చరిచింది, ఇంకాసేపు నీళ్ళలో నిలబడింది. తన వాటా మొత్తం పిల్లలకే పెట్టింది. అయినా చాలలేదు. చిన్నది తలెత్తి తినడం మానేసింది. నమిలి నోట్లో పెడితే మింగేది. నూకాలు డొక్కలు లోపలికి పోయాయి. సూరప్ప బొచ్చు మాత్రం నూనె రాసినట్టు నిగనిగలాడసాగింది.

ఒకరోజు వాటా తీసుకుని పొదకు పోతూ నూకాలు దిబ్బ పక్కన ఆగింది. ఇసుకపీత ఒకటి పెద్ద గొరక తలను తన బొరియలోకి లాక్కోలేక అవస్థ పడుతోంది.

"ఎక్కడిదే ఇది?" అంది నూకాలు.

"నీ పుణ్యమే అక్కా!" అంది పీత సంతోషంగా. "నువ్వొచ్చిన దగ్గరనుంచి మాకు పండగే. సూరప్ప మామ కూర్చునే చోట తవ్వితే చాలు, తలలు, తోకలు, ముళ్ళు. నువ్వు విసురుతావు, ఆయన నములుతాడు, మేం శుభ్రం చేస్తాం. ఎవరి పని వాళ్ళది."

నూకాలు, సూరప్ప వెళ్ళిపోయేదాకా ఆగి, అతను రోజూ కూర్చునే చోట పంజాతో గీరింది. ముళ్ళ మీద ముళ్ళు బయటపడ్డాయి. ఆ గొరక తల మీద ఆమె గోళ్ళ గీతలు ఇంకా ఉన్నాయి.

ఆమె ముందు అతని గొంతు కొరకాలనుకుంది. తరువాత తన డొక్కలు చూసుకుంది. అప్పుడు నారాయణపక్షి దగ్గరికి వెళ్ళి అంతా చెప్పింది.

ముసలాయన ఎత్తిన కాలు దించి దిబ్బ వైపు చూశాడు. "మేమెవరమూ చూడలేదమ్మా. నీళ్ళలో ఉన్నవాళ్ళ కళ్ళూ, ఒడ్డున ఉన్నవాళ్ళ కళ్ళూ సముద్రం మీదే ఉంటాయి. అది తెలిసే వాడు ఆ చోటు ఎంచుకున్నాడు."

"ఇప్పుడు నన్నేం చేయమంటావు? పదిమందిలో పెట్టమంటావా?"

"పెడితే ఆ ముళ్ళు పీతలు తెచ్చాయంటాడు. నువ్వే దొంగవంటాడు. వాడి నోటికి నువ్వు చాలవు." నారాయణపక్షి ఆలోచించాడు. "ఒకటి మాత్రం ఇప్పుడే తోస్తోంది. వాడు నీళ్ళలో దిగగా నేనెప్పుడూ చూడలేదు. పున్నమి దగ్గరపడగానే జతతో తగువు పెట్టుకుంటాడు, విడిపోతాడు. తరువాత మళ్ళీ కొత్తవాళ్ళు ఎవరో ఒకరు."

"పున్నమి ఎప్పుడు తాతా?"

"ఎంతో దూరం లేదు. అందాకా తగువు పడకుండా ఉండగలవా? తెలిసీ వాడి చేతికి చేప విసరగలవా?"

నూకాలు మొగలి పొద వైపు చూసింది. ముసలాయన తన ఇంటిదాన్ని పిలిచాడు. ఇద్దరూ తమ వాటాలోంచి చెరొక చేప తీసి ఆమె ముందు పెట్టారు. "పిల్లలకి పట్టుకెళ్ళు. ఇది కట్టుబాటు కాదు, పెట్టుబడి కాదు. తీసుకో."

మరునాటి నుంచి సూరప్ప మాట మారింది.

"నీకన్నా మీ పిల్లలే నయం, కదలకుండా పడుకుంటారు. నువ్వు నీళ్ళలో గంతులేసి చేపల్ని బెదరగొడుతున్నావు."

"నిజమే అన్నా. రేపు ఇంకా కుదురుగా నిలబడతాను."

"నీటికుక్క కాలిగోటికి చాలవు."

"ఆయన పెద్ద పనివాడు కదన్నా."

"మీ ఆయన కూడా ఇంత చేతకానివాడేనా, అందుకేనా కొట్టుకుపోయాడు?"

నూకాలు గోళ్ళు ఇసుకలో దిగాయి. నోరు తెరిస్తే పిల్లల బతుకు జారిపోతుందని ఆమెకు తెలుసు. సముద్రం వైపే చూస్తూ, "నువ్వు పెద్దవాడివి, ఏమన్నా పడతానన్నా" అంది. తగువు ఆడేవాడికి రెండో గొంతు దొరక్కపోతే ఏం చేస్తాడు? సూరప్ప అరిచి అరిచి అలిసిపోయాడు. ఈ పిల్లి ఉత్త వెర్రిబాగులది అని నవ్వుకుని, పున్నమి సంగతే మరిచిపోయాడు.

పున్నమి వెళ్ళిన ఉదయం, పొద్దు సరుగుడు చెట్లు దాటి పైకొచ్చాక, నారాయణపక్షి తీరంలో అందరినీ పిలిచి వంతులు మార్చుకోమన్నాడు. సూరప్ప తోక జారిపోయింది.

"నాకు దగ్గు తాతా. చన్నీళ్ళు పడవు."

"అయితే జత వదులుకుని సరుగుడు తోపులోకి పో. చోటు ఇంకొకరికి ఇస్తాం."

అందరూ చూస్తున్నారు. అదే సమయానికి నల్లటి గుంటలో నీళ్ళు ఉడికినట్టు కదిలాయి. కవళ్ళ గుంపు ఒడ్డు దాకా వచ్చేసింది. పసివాడు చరిచినా చేప పడే రోజు అది. సూరప్పకి నోరూరింది. దిగాడు.

నూకాలు అతను రోజూ కూర్చునే చోటే కూర్చుంది. దూరపు అల మీద చూపు నిలిపింది.

సూరప్ప చేతికి పని రాకపోయినా చేపలు తగులుతూనే ఉన్నాయి. వెనక్కి విసిరాడు. ఇసుక మీద చేపలు పడుతున్నాయి. కొద్దిసేపటికి కుప్ప అయింది. ఆ కుప్ప సముద్రం కన్నా పెద్దదై సూరప్ప తలలో నిండిపోయింది. తను ఆ చోట కూర్చున్నప్పుడు ఏం చేశాడో అతనికి బాగా తెలుసు. ఈ పిల్లి ఇప్పుడేం చేస్తోంది? ఆకలిమీద ఉన్నది. పక్కన కుప్ప ఉన్నది. చూసేవాడు లేడు.

అప్పుడే వెనక నుంచి కరకర నమిలే చప్పుడు వినిపించింది. అవి పీతలు. అతనే పాతిపెట్టిన ముళ్ళు కొరుక్కుంటున్నాయి. అతనికి మాత్రం పిల్లి పళ్ళ చప్పుడే అది.

"ఏయ్ నూకాలూ, ఏం తింటున్నావే?"

"ఏమీ తినడం లేదన్నా. అటు చూడు."

"ఏమీ తినకపోతే ఆ చప్పుడేంటి?"

"పీతలు. అన్నా, ఇటు తిరగకు."

తిరగకు అన్న మాటతో అతనికి అనుమానం రూఢి అయిపోయింది. తిరిగాడు. సముద్రానికి వీపు పెట్టి, మెడ సాచి, కుప్పలో చేపలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

నూకాలు లేచి నిలబడింది. దూరాన నీళ్ళు గోడలా లేస్తున్నాయి. ఆమె గొంతు చించుకుని అరిచింది. "అల! సూరప్పన్నా, అల! పైకి రా!"

"ఓహో! నేను అటు తిరిగితే నువ్వు ఇటు మింగేద్దామనా? ఆ మాటలు నేను పుట్టించినవే! నాకే చెబుతావా?"

"నిజంగా అల! వచ్చేస్తోంది!"

సూరప్ప నవ్వాడు. ఆ నవ్వు పూర్తి కాలేదు. అల అతని వీపు మీద విరిగింది. తలకిందులుగా దొర్లించి, నురుగులో ముంచి, వెనక్కి లాగింది. అతని తల పైకి తేలేసరికి నీళ్ళు నున్నగా ఉన్న దారిలో ఉన్నాడు. ఒడ్డు దూరం జరుగుతోంది.

అతను ఒడ్డుకు ఎదురీదాడు. ఎంత ఈదితే అంత వెనక్కి పోతున్నాడు.

నూకాలు నీళ్ళ అంచుకు పరుగెత్తింది. "ఎదురీదకు! పక్కకి ఈదు, నురుగు ఉన్న వైపుకి ఈదు!"

సూరప్ప ఆమెను చూశాడు. ఆమె చోట తానుంటే ఏం చెప్పేవాడో ఆలోచించాడు. మునిగే వైపే చూపించేవాడు. కనుక ఆమె చూపిన వైపుకి పోకుండా, నోటి నిండా ఉప్పునీళ్ళు మింగుతూ, ఒడ్డుకే ఎదురీదాడు. ఆమె అరుస్తూనే ఉంది. నారాయణపక్షి వచ్చి అరిచాడు. తీరమంతా అరిచింది. అతను ఒక్క గొంతునూ నమ్మలేదు.

చివరికి కాళ్ళు ఆడక ఈదడం మానేశాడు. అప్పుడు సముద్రం తనంతట తనే అతన్ని పక్కకి తీసుకుపోయి, దూరాన నురుగులోకి నెట్టి, ఇసుక మీద పారేసింది.

అందరూ వెళ్ళేసరికి అతను దగ్గుతూ పడి ఉన్నాడు. ముందు పళ్ళు రాలిపోయాయి. ఒక కాలు వంకర తిరిగింది. కళ్ళు తెరవగానే అతను అడిగిన మొదటి మాట: "ఎన్ని మిగిల్చింది?"

నారాయణపక్షి అతన్ని కుప్ప దగ్గరికి నడిపించాడు. చేపలన్నీ ఇసుకలో పడ్డవి పడ్డట్టే ఉన్నాయి. ఒక్కదాని మీద పంటి గాటు లేదు. నూకాలు వాటిని రెండు భాగాలు చేసి ఒకటి అతని ముందుకు జరిపింది.

"నీ వాటా."

సూరప్ప ఆ చేపల్ని తిప్పి తిప్పి చూశాడు. "నువ్వూ, నీ పిల్లలూ ఆకలితో ఉన్నారు కదా. ఎందుకు తినలేదు?"

"నాది కాపలా వంతు కదా."

అతనికి ఆ జవాబు అర్థం కాలేదు. అందులో ఏదో మోసం ఉండే ఉంటుందని కుప్పల వంక అటూ ఇటూ చూస్తూనే ఉన్నాడు. నూకాలు దిబ్బ పక్కన గీరి, పాతిపెట్టిన ముళ్ళన్నీ బయటికి తీసి అందరి ముందూ పరిచింది. అందరూ చూశారు. ఎవరూ తిట్టలేదు, కొట్టలేదు. ఒక్కొక్కరే లేచి తమ తమ జత దగ్గరికి వెళ్ళిపోయారు. ఆ రోజు తరువాత సూరప్ప ముందు నిలబడడానికి గాని వెనక నిలబడడానికి గాని ఆ తీరంలో ఎవరూ రాలేదు.

కవళ్ళ గుంపు ఇంకా గుంటలోనే తిరుగుతోంది. నారాయణపక్షి నూకాలు వైపు చూశాడు. "జత తప్పినదానివి. మాతో కలువు. ముగ్గురం సమానం. దిగు, నేను నిలబడతాను."

నూకాలు దిగింది. నీళ్ళు చల్లగా, తేటగా ఉన్నాయి. చరిచింది, విసిరింది, చప్పుడు విన్నది. వెనక్కి చూడలేదు. పైకి వచ్చేసరికి విన్న చప్పుళ్ళకు సరిపడా చేపలున్నాయి. వాటా నోట కరుచుకుని పొదలోకి వెళ్ళింది. ఒక కవళు నమిలి చిన్నదాని నోట్లో పెట్టబోయింది. చిన్నది తల ఎత్తింది. తల్లి పంజాలోంచి చేపను లాక్కుని, అక్కకి ఇవ్వనని గుర్రుమంది.

నమ్మినవాళ్ళను మోసం చేయడం అలవాటైనవాడు, తన ప్రాణం నిలబెట్టే మాటను కూడా నమ్మలేడు.